వేటకు వెళ్ళే నాన్న కంట్లో పొర: ఎండ, ఉప్పునీళ్ళు, చలువ అద్దాల సంగతి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉప్పాడ దగ్గర ఫైబర్ బోటు మీద వేటకు వెళ్ళే మీ నాన్నకు 52 ఏళ్ళు. కుడి కంట్లో ముక్కు వైపు నుంచి ఎర్రటి పొర ఒకటి నల్లగుడ్డు మీదికి పాకుతోంది. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు రెండేళ్ళుగా వేస్తున్నారు. మీరు కొనిచ్చిన చలువ అద్దాలు ఒక్కరోజు పెట్టుకుని పక్కన పడేశారు. ఆపరేషన్ చేయించాలా, ఎలాంటి అద్దాలు కొనాలి, ఆయన చేత ఎలా పెట్టించాలి అని అడిగారు.

నేను భీమిలి దగ్గర మత్స్యకార కుటుంబంలో పుట్టాను. మా నాన్న తెప్ప మీద వేట చేశాడు. నేను కంటి పరీక్షలు చేసే ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం తీరం ఊళ్ళలోనే. డాక్టర్ని కాను, మీ నాన్న కన్ను చూడలేదు. కాబట్టి ఆయనకున్నది ఫలానా అని తేల్చి చెప్పడం నా వల్ల కాదు. కానీ మీరు రాసినలాంటి కన్ను వందల మందిలో చూశాను.

అన్నిటికంటే ముందు ఆ చుక్కల సంగతి, ఎందుకంటే నాకు టెన్షన్ పెట్టింది పొర కాదు, అదే. సీసా మీద పేరు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి మాట ఉంటే అది స్టెరాయిడ్. వేసిన రోజు ఎరుపు మాయమవుతుంది, మంట తగ్గుతుంది, అందుకే మనవాళ్ళకు దాని మీద గట్టి నమ్మకం. నెలల తరబడి వేస్తే మాత్రం కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా) వస్తాయి, శుక్లం కూడా త్వరగా వస్తుంది. ఇలా వచ్చే నీటికాసుల్లో సాధారణంగా నొప్పి ఉండదు, చూపు పక్కల నుంచి మెల్లగా తరుగుతూ వస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. బోటు మీద పనిచేసే నలభై అయిదేళ్ళ కలాసీ ఒకతను ఇలాగే ఏళ్ళ తరబడి చుక్కలు వేసుకుని, బోటులో పక్కనున్న మనిషిని గుద్దుకుంటున్నానంటూ నా దగ్గరికి వచ్చాడు. అప్పటికే ఒక కంట్లో చాలా వరకు పోయింది. ఆ పొర ఆయన చూపుకు ఏమీ చేయలేదు, మందు చేసింది. అందుకని ఈ వారంలోనే మీ నాన్నను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి కంటి ఒత్తిడి చూపించండి. ఉప్పాడ నుంచి కాకినాడ ఎంతో దూరం కాదు, అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది.

ఇక పొర. మీరు రాసిన లక్షణాలను బట్టి దాన్ని టెరీజియం అంటారు. గ్రీకులో చిన్న రెక్క అని అర్థం. నిజంగానే ఈగ రెక్కలా ఉంటుంది: వెడల్పు భాగం తెల్లగుడ్డు మీద, మొన నల్లగుడ్డు వైపు. మన ఊళ్ళలో కంట్లో కండ పెరిగిందంటారు. శుక్లం వేరు, ఇది వేరు. శుక్లం కంటి లోపలి కటకంలో వస్తుంది, ఇది పైన పెరిగే కండ. తెల్లగుడ్డు మీదే ఆగిపోయిన పసుపు పచ్చటి చిన్న బొడిపె అయితే అది ఇంకా తేలికైన జబ్బు, దానికి చాలామందికి ఏ వైద్యమూ అక్కర్లేదు.

దీనికి ప్రధాన కారణం ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అదే యూవీ. గాలి, ఉప్పు తుంపర, ఇసుక దాన్ని రేపుతూ ఉంటాయి. ఎక్కువగా ముక్కు వైపే ఎందుకొస్తుందని నేను మొదట్లో ఆలోచించేవాణ్ణి. కణత వైపు నుంచి, అంటే పక్క నుంచి వచ్చిన వెలుగుని నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర భూతద్దంలా వంచి, సరిగ్గా ముక్కు వైపు అంచు మీద పోగు చేస్తుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చేవాళ్ళం కదా, అదే పని. దీన్ని బట్టి మీకు ఒక విషయం తెలియాలి. ముందు మాత్రమే కప్పి పక్కలు తెరిచి ఉంచే సన్నటి ఫ్యాషన్ అద్దాలు ఈ పొరను ఆపడానికి దాదాపు పనికిరావు. అపాయం పక్క నుంచి వస్తోంది.

మన తీరం తూర్పుకు ఉండటం ఇంకో చిక్కు. తెల్లవారుజామున బోటు దింపి లోపలికి పోతుంటే పొద్దు ఎదురుగా పొడుస్తుంది. మధ్యాహ్నం దాటాక ఒడ్డుకు తిరిగితే పొద్దు మళ్ళీ ఎదురుగానే ఉంటుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ్మ ఎముక, పైరెప్ప కంటికి కాస్త గొడుగు పడతాయి. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు, అంటే ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో, మళ్ళీ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో, నేరుగా కంట్లోకే దిగుతుంది. ఒంటికి మిట్టమధ్యాహ్నపు ఎండ చెడ్డది, కంటికి మాత్రం అంతకుముందూ ఆ తర్వాతా చెడ్డవే. "ఇంకా ఎండ ఎక్కలేదు, ఇప్పుడెందుకు అద్దాలు" అనే మాట ప్రతి ఊళ్ళోనూ వింటాను. వలలు లాగే ఆ వేళలోనే అద్దాలు కావాలి. పల్చటి మబ్బు పట్టినా యూవీ ఆగదు. పైగా మబ్బు రోజున చూపుకు హాయిగా ఉంటుంది కాబట్టి కళ్ళు చికిలించడం మానేసి బార్లా తెరిచి చూస్తారు. కింద నుంచి వచ్చేది కూడా ఉంది: ఎండు ఇసుక తన మీద పడిన యూవీలో 15 శాతం దాకా, అలల నురుగు 25 శాతం దాకా తిప్పికొడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

ఎండ కంటిని పాడుచేస్తుందన్నది మన ఊహ అనుకోకండి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో చెసపీక్ అనే అఖాతం ఉంది. అక్కడ పీతలూ ఆలుచిప్పలూ పట్టి బతికే వేటగాళ్ళు 838 మందిని పరీక్షించి, ఒక్కొక్కరూ జీవితంలో ఎన్నేళ్ళు, ఏ నెలల్లో, టోపీతోనా అద్దాలతోనా పనిచేశారో అడిగి లెక్కగట్టారు. 1988లో ఆ పరిశోధన అచ్చయింది. కంటికి చేరిన యూవీ-బి (యూవీలో ఒక రకం) మోతాదు రెట్టింపైతే శుక్లంలో కార్టికల్ అనే రకం వచ్చే అవకాశం 1.6 రెట్లు అయిందని తేలింది. ఇందులో నాకు ముఖ్యంగా కనబడేది ఒకటుంది. అందరిదీ ఒకే నీళ్ళు, ఒకే పని, అయినా అందరి కళ్ళూ ఒకేలా దెబ్బతినలేదు. నెత్తిన ఏం పెట్టుకున్నారు, కంటికి ఏం పెట్టుకున్నారు అన్నదాన్ని బట్టి కంటికి చేరే మోతాదు మారిపోతుంది. సముద్రానికి వెళ్ళడం మానలేం. ఇది మాత్రం మన చేతిలో ఉంది.

ఇప్పుడు మీ అసలు బాధకు వస్తాను, నాన్న అద్దాలు పెట్టుకోకపోవడం. దీని గురించి నేనే పెద్ద తప్పు చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక శిబిరంలో దాతలు ఇచ్చిన రెండు వందల జతల నల్ల అద్దాలు వేటగాళ్ళకు పంచాం. నెల తర్వాత పొద్దెక్కాక ఒడ్డు మీద నిలబడి చూస్తే ఇద్దరి ముఖానే ఉన్నాయి. మిగతావి ఇంట్లో మేకులకు వేలాడుతున్నాయి, కొన్ని పెళ్ళిళ్ళలో కుర్రాళ్ళ ముఖాన కనిపించాయి. నాకు కోపం వచ్చింది, ఒక పెద్దాయనను గట్టిగానే అడిగాను. ఆయన నిదానంగా అన్నాడు: "నీటి రంగు సూసి వలేత్తాం బాబూ. నువ్విచ్చిన అద్దంలోంచి సూత్తే సముద్రమంతా ఒకటే నలుపు. చేప ఎక్కడుందో ఎలా తెలుత్తాది?"

ఆ మాటతో నాకు బుద్ధి వచ్చింది. వేటగాడికి కన్నే పనిముట్టు. నీటి మీద రంగు మారిన మచ్చ, పక్షులు దిగే చోటు, పోటు మారేటప్పుడు గీతలా కనిపించే నురుగు, పక్క బోటు వల తాలూకు తేలే బిళ్ళలు, ఇవన్నీ చూసి పొట్ట నింపుకునే మనిషికి మనం చీకటి అద్దం ఇచ్చి ఆరోగ్యం పేరు చెబితే తీసి పక్కన పెడతాడు. అది మొండితనం కాదు. మీ నాన్న చేసింది కూడా అదే అయి ఉంటుంది. ఒకసారి అడిగి చూడండి.

అందుకే ఆ తర్వాత నేను పోలరైజ్డ్ అద్దాలు చూపించడం మొదలుపెట్టాను. నీటి మీద పడి తిరిగొచ్చే మెరుపు వెలుగు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది. ఈ అద్దం ఆ అడ్డపు వెలుగుని ఆపి మిగతాదాన్ని వదులుతుంది. మిలమిల పోతుంది, నీటి కింద కొంత లోతు వరకు కనిపిస్తుంది. అదే పెద్దాయనకు నా సొంత జత ఇచ్చి ఒడ్డున నీళ్ళలోకి చూడమన్నాను. పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ రోజు ఆయన అద్దాలు తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మీ నాన్నకు కూడా కంటి జబ్బు అని చెప్పి ఇవ్వకండి. బోటు దగ్గరికే తీసుకెళ్ళి, పొద్దెక్కాక నీళ్ళలోకి చూడమని చేతికివ్వండి.

కొనేటప్పుడు ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. పోలరైజ్డ్ వేరు, యూవీ ఆపడం వేరు, నలుపు వేరు. ఎంత నల్లగా ఉంటే అంత రక్షణ అనుకుంటారు, అది తప్పు. యూవీ ఆపని నల్ల అద్దం పెట్టుకుంటే చీకటికి కంటిపాప పెద్దదవుతుంది, కళ్ళు చికిలించడం ఆగుతుంది, పక్కల నుంచీ అద్దం లోంచీ వచ్చే యూవీకి తలుపు తీసినట్టే. అద్దం మీద గానీ అట్ట మీద గానీ యూవీ 400 అని ఉండాలి, అంటే యూవీని దాదాపు పూర్తిగా ఆపుతుందని. రాతను నమ్మలేకపోతే, యూవీ కొలిచే చిన్న మెషీన్ ఉన్న కళ్ళజోళ్ళ షాపులో అడగండి, నిమిషంలో చూసి చెబుతారు. పోలరైజ్డ్ అవునో కాదో మీరే తెలుసుకోవచ్చు: వెలుగుతున్న సెల్‌ఫోన్ తెర ముందు అద్దాన్ని పట్టుకుని గుండ్రంగా తిప్పండి, ఏదో ఒక కోణంలో తెర నల్లబడితే అది పోలరైజ్డే. ఈ గుణమే బోటులో ఒక ఇబ్బంది కూడా. జీపీఎస్ తెర, చేపలు చూపే మెషీన్ తెర కొన్ని కోణాల్లో నల్లగా కనిపిస్తాయి. తల కొంచెం వంచితే సరిపోతుంది, కానీ ముందే చెప్పకపోతే అద్దం పాడైందనుకుని పారేస్తారు.

రంగు బూడిద లేదా గోధుమ తీసుకోండి. బూడిద రంగులో ఎరుపు, పచ్చ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. గోధుమ రంగు నీటి మీద తేడాలను ఇంకాస్త స్పష్టంగా చూపిస్తుంది, వేటకు చాలామంది అదే ఇష్టపడతారు. ముఖానికి చుట్టుకుని కణతల దాకా వచ్చే ఆకారం ఉండాలి, కాడలు వెడల్పుగా ఉండాలి. అద్దం పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) అయితే మంచిది, పగిలి కంట్లో గుచ్చుకోదు, ఆ పదార్థం స్వతహాగానే యూవీని ఆపుతుంది. డబ్బుకు ఇబ్బందైతే వెల్డింగ్ సామాన్లూ ఫ్యాక్టరీ సామాన్లూ అమ్మే షాపుల్లో పాలీకార్బొనేట్ సేఫ్టీ గాగుల్స్ చాలా తక్కువకే దొరుకుతాయి. అవి పోలరైజ్డ్ కావు గానీ పక్కలు కప్పుతాయి, యూవీ ఆపుతాయి, ఉప్పు తుంపర ఆపుతాయి. వల లాగేటప్పుడు జెల్లీఫిష్ ముక్కలు ఎగిరి కంట్లో పడి కేకలు పెడుతూ వచ్చినవాళ్ళను చూశాను, గాలం తగిలి కన్ను పోయినవాణ్ణీ చూశాను. దానికీ ఇదే రక్షణ. తెల్లవారుజామున, చీకట్లో మాత్రం రంగు అద్దం పెట్టుకోకూడదు. ఎదుటి బోటు దీపం కనబడదు.

కాడలకు మెడ చుట్టూ తాడు తప్పనిసరి. వందల రూపాయల అద్దం ఒక్క అలకు నీళ్ళపాలైతే రెండోది కొనరు. మీ దగ్గర వల తాడు ముక్క ఉంటుంది, అదే చాలు. అద్దాలు తుడిచే అలవాటు కూడా మార్పించండి. ఉప్పు ఆరితే గరుకు పలుకులవుతుంది, దాని మీద లుంగీతో తుడిస్తే వారంలో గీతలు పడి మసకబారుతుంది, ఆ మసక వల్లే "అద్దం బాగాలేదు" అని తీసేస్తారు. ముందు మంచినీళ్ళు పోసి, తర్వాతే మెత్తటి గుడ్డ. బోటులో తాగే నీళ్ళ బాటిల్ నుంచి రెండు గుక్కలంత నీళ్ళు చాలు.

మీ నాన్నకు 52 కాబట్టి చత్వారం ఉండే ఉంటుంది, వల అల్లేటప్పుడు దగ్గరి చూపుకు వేరే అద్దం కావాలి. దూరానికీ పవర్ ఉంటే ఆ పవర్‌తోనే పోలరైజ్డ్ చేయించుకోవచ్చు. ఎండకు నల్లబడే రకం అద్దాలు మన తీరానికి నేను సిఫారసు చేయను, వేడి ఎక్కువైన కొద్దీ అవి తక్కువగా నల్లబడతాయి.

అద్దంతో పాటు టోపీ. ఒక్క అంచు టోపీ కంటికి చేరే యూవీని సుమారు సగానికి తగ్గిస్తుంది, రెండూ కలిస్తే ఇంకేం కావాలి. అంచు చుట్టూ మూడంగుళాలైనా ఉండాలి, గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి. పూరీ తీరంలో స్థిరపడిన మన తెలుగు మత్స్యకారులు వాడబలిజలు, అక్కడివాళ్ళు నోలియాలంటారు, తెల్లటి కోసు టోపీ పెట్టుకుంటారు. చూడముచ్చటగా ఉంటుంది, తల కాపాడుతుంది, కానీ దానికి అంచు లేదు కాబట్టి కంటికి నీడ పడదు. మనవాళ్ళు చుట్టుకునే తుండు కూడా అంతే. తుండును చెవులూ మెడా కప్పేట్టు వేసి దాని మీద అంచు టోపీ పెట్టమనండి. ఒంటికి సన్‌స్క్రీన్ రాయమని నేను వేటగాళ్ళకు పెద్దగా చెప్పను. చెమటకూ నీళ్ళకూ పోతుంది, చేతులు జారతాయి. నిండు చేతుల చొక్కా, దగ్గర నేత గుడ్డ మేలు.

ఆపరేషన్ విషయం. పొర ఉన్నంత మాత్రాన కోయించుకోనక్కర్లేదు. మొన కంటిపాప వైపు జరుగుతున్నా, నల్లగుడ్డును లాగి చూపు వంకర చేస్తున్నా, ఎప్పుడూ ఎర్రబడి బాధిస్తున్నా చేస్తారు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పొర తీశాక అక్కడ అతుకు వేస్తారా? ఊరికే కోసి వదిలేస్తే మళ్ళీ పెరగడం చాలా ఎక్కువ. అదే కంటి పైభాగం నుంచి పల్చటి పొర తీసి అక్కడ అతికిస్తే మళ్ళీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. వచ్చేదైతే ఎక్కువగా మొదటి ఏడాదిలోపే వస్తుంది, రెండోసారి వచ్చింది మొదటిదానికంటే మొండిది.

ఆ తొలి వారాల్లో ఎండ, ఉప్పు, దుమ్ము తగలకుండా ఉండటం చాలా ముఖ్యం. వేటగాడికి ఇది ఎలా సాధ్యం అంటారా? మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంజన్ ఉన్న ఫైబర్ బోట్లకూ ఇది వర్తిస్తుంది, మీ నాన్న ఎలాగూ ఒడ్డునే ఉంటారు. డాక్టర్ తొందర లేదంటే నిషేధం మొదలైన వారంలోనే తేదీ తీసుకోండి. చాలామంది అప్పుడు వల పని, బోటు రంగుల పని పెట్టుకుని ఆపరేషన్‌ను జూన్ చివరికి నెట్టేస్తారు, కుట్లు ఆరకముందే బోటెక్కుతారు. అలా చేయకండి. మే నెల ఎండలో బోటుకు గరుకు కాగితం పట్టడం కూడా ఆ ఏడాది వేరేవాళ్ళకు అప్పగించండి. మీ బంధువుల్లో ఎవరైనా గుజరాత్ వెరావల్ బోట్ల మీద పనికి వెళ్తుంటే వాళ్ళ లెక్క వేరు, పడమటి తీరంలో నిషేధం జూన్, జూలై నెలల్లో ఉంటుంది.

తీసిన ముక్కను పరీక్షకు పంపమని కూడా అడగండి. ఎక్కువగా ఎండ వల్ల కంటి పైపొరకు వచ్చే ఒక రకం క్యాన్సర్ మొదట్లో అచ్చం ఇలాంటి పొరలాగే కనిపిస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, అరుదే. కానీ పొర వారాల్లో గబగబా పెరిగినా, దాని మీద తెల్లటి పొలుసు గానీ గడ్డ గానీ లేచినా వేట నిషేధం దాకా ఆగకూడదు. అలాగే కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపిస్తే అదే రోజు వెళ్ళాలి. అది పుండు. అప్పుడు ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయించుకుని నల్లగుడ్డు కరిగిపోయాక వచ్చినవాళ్ళు ఉన్నారు. మా ఇంట్లోనే పసరు పోసేవాళ్ళుండేవారు, ప్రేమతోనే పోసేవారు, అయినా అది ప్రమాదమే.

మీ అమ్మగారు చేపలు ఎండబెడతారని ప్రశ్న చివర్లో ఒక్క మాట రాశారు. ఆవిడ కళ్ళు కూడా చూపించండి. ఇసుక మీద వంగి గంటలకొద్దీ చేపలు తిరగేసే ఆడవాళ్ళకు కింద నుంచి కొట్టే వెలుగుకు కొంగు అడ్డం రాదు. శిబిరాల్లో మగవాళ్ళను వరసలో నిలబెడతాం గానీ వాళ్ళను పిలవడం మరిచిపోతాం. మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలు సెలవుల్లో బోటెక్కుతుంటే వాళ్ళకూ టోపీ అలవాటు చేయండి, ఈ దెబ్బ చిన్నప్పటి నుంచీ పోగుపడుతూ వస్తుంది.

కాకినాడ వెళ్ళేటప్పుడు ఆ చుక్కల సీసాలు, ఖాళీవి ఉన్నా సరే, అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని నెలలు వేశారో కాగితం మీద రాసి ఇవ్వండి. నాన్న డాక్టర్ ముందు "ఎప్పుడో ఒకసారి వేశాను" అంటారు, మా నాన్న కూడా అలాగే అన్నాడు.